పర్రదిబ్బలో ఏడవని పిల్లలు

జూన్ 16, సోమవారం

శశిరేఖ మేడమ్ ఇవాళ పడవ దిగి నేరుగా సెంటర్‌కే వచ్చారు. మా అంగన్‌వాడీకి సూపర్‌వైజర్ ఆవిడే. చేతిలో గీతల పుస్తకం ఒకటి ఉంది, రెండు వందల పేజీలది. కాగితం పుస్తకం ముట్టుకుని నాకు పదేళ్లు దాటింది.

"వజ్రకుమారి గారూ, తెర మీద మీరు నింపే రిజిస్టర్‌లో అన్ని గడులూ పచ్చగానే ఉన్నాయి. బరువు పచ్చ, ఎత్తు పచ్చ, గుడ్డు తిన్నారా అంటే పచ్చ. కానీ పోయిన నెల నేనొచ్చి రెండు గంటలు కూర్చుంటే పదకొండు మంది పిల్లల్లో ఒక్కరూ నన్ను ఎవరని అడగలేదు. ఆ సంగతి రాయడానికి తెరలో గడి లేదు. ఇందులో రాయండి" అన్నారు.

"ఏం రాయమంటారు?"

"చూసింది రాయండి. నాతో చెప్పలేనిది కూడా రాయండి."

సరే, ఇవాళ చూసింది రాస్తున్నాను. పొద్దున సముద్రపు పోటుకి కింది మెట్లు రెండు మునిగి నాచు పట్టాయి. నేనూ ఆయా నాంచారమ్మా బ్రష్షులు పట్టుకుని రుద్దాం. తర్వాత నాంచారమ్మ నిచ్చెనెక్కి సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచింది. అరవై ఒకటి దాటాయి, నిచ్చెన మాత్రం ఇంకెవరికీ ఇవ్వదు. తొమ్మిదికి పిల్లలు వచ్చారు. అందరూ మూడేళ్లకీ అయిదేళ్లకీ మధ్య వాళ్లు. ప్రతి ఒక్కరి కుడి చెవి వెనకా పెసర గింజంత పూస అంటించి ఉంటుంది.

పదీ పదికి నా మణికట్టు పట్టీ జుయ్యిమంది. "మహతి – దాహం." నాంచారమ్మ గ్లాసు తీసుకెళ్లి పెట్టింది. మహతి నోరు తెరిచింది, తాగింది, నోరు మూసింది. చూపు కిటికీ మీదే ఉంది. నీళ్లు ఎవరు తెచ్చారో చూడలేదు. రెండు నిమిషాలకి "జయంత్ – ఒంటేలు." నాంచారమ్మ వాణ్ని ఎత్తుకెళ్లింది. ఒంటిగంట దాకా ఇదే వరస. పిల్లలు నడిచిన చప్పుడు తప్ప నాకు ఇంకో చప్పుడు వినిపించలేదు.

గిన్నెలు తోముతూ నాంచారమ్మ అంది: "టీచరమ్మా, మన సెంటర్ కంటే చేపలు ఆరేసిన చాప నయం. అక్కడ ఈగలన్నా ముసురుతాయి."

జూన్ 18, బుధవారం

మేడమ్, చెప్పలేనిది కూడా రాయమన్నారు కదా. ఆ పూసలు అంటించింది నేనే.

అయిదేళ్ల కింద పథకం వచ్చినప్పుడు పర్రదిబ్బలో ఇల్లిల్లూ తిరిగాను. సముద్రం లోపలికొచ్చాక మన ఆడవాళ్లకి దొరికిన పని పీతల ప్లాంటు ఒక్కటే. పీతలొలిచే లైన్ మీద నిలబడితే ఆపడానికుండదు. వెనక గదిలో పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే, చేతుల నిండా పీతల డిప్పలతో తల్లులు లైన్ దగ్గర ఏడ్చేవాళ్లు. పూస వచ్చాక ఆ గోల పోయింది. బిడ్డకి ఏం కావాలో పూస కనిపెడుతుంది, తల్లి పట్టీకి చెబుతుంది, ప్లాంటు గదిలో ఉన్న ఆయాకి చెబుతుంది. ఏడవక ముందే పాలు, తడవక ముందే గుడ్డ.

మహతి వాళ్లమ్మ సౌందర్య నాకు బాగా గుర్తు. అప్పుడు ఇరవై రెండేళ్లుంటాయేమో. నెల బిడ్డని ఒళ్లో పెట్టుకుని, "ఎందుకేడుస్తుందో తెలీట్లేదు టీచర్ గారూ, నేను మంచి అమ్మని కాదేమో" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను చెవి వెనక తుడిచి పూస అంటించాను. పట్టీ మీద "ఆకలి" అని పడింది. సౌందర్య నవ్వేసి, తడి కళ్లతో నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ సంవత్సరం మన దిబ్బకి "ఏడుపు లేని ఊరు" అని బహుమతి వచ్చింది. ఫొటోలో ముందు వరసలో నేనే ఉన్నాను. ఎంత మురిసిపోయానో!

ఇవాళ ర్యాంపు దగ్గర సౌందర్య ఎదురైతే, "మహతికి మాటలేమైనా వస్తున్నాయా అమ్మా?" అని అడిగాను.

"వస్తాయిలెండి. వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడాడంట. కానీ ఒక్కటి చెప్పాలండీ, పుట్టి నాలుగేళ్లు దాటింది, మా పాప గట్టిగా ఏడ్చి ఎరగదు."

గర్వంగా చెప్పింది. ఆ గర్వం నేను నేర్పిందే. ఇంటికొచ్చి మహతి నోట నేను విన్న మాటలు లెక్కపెట్టుకున్నాను. అమ్మ. పీత. పో. మూడు.

జూన్ 23, సోమవారం

ఇవాళ ఒక తప్పు చేశాం. ఇద్దరం పట్టీలు తీసేసి బియ్యం డబ్బాలో పడేశాం.

ఆలోచన నాంచారమ్మది. "అడక్కముందే పెడితే ఎందుకు అడుగుతారు? అడిగేదాకా ఆగి చూద్దాం" అంది. ఉడికించిన గుడ్ల గిన్నె పిల్లల మధ్యలో పెట్టి మూత పెట్టాం. పదకొండు మందీ గిన్నె చుట్టూ కూర్చున్నారు. ఆకలి టైము అయింది. ఒక్కరు మూత తీయలేదు. ఒక్కరు మా వంక చూడలేదు. వాళ్లు గాల్లోకి చూస్తున్నారు మేడమ్. వాన ఎప్పుడొస్తుందా అని మనం చూస్తామే, అట్లా. ఇచ్చేది మనుషులని వాళ్లకి తెలీదు.

పదిహేను నిమిషాలకి నా వల్ల కాలేదు. మూత తీయబోయాను. నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి."

"నీరసిస్తారు."

"ఇంకో పది నిమిషాలకి ఎవరూ నీరసించరు. ముగ్గుర్ని పెంచాను, నాకు తెలీదా?"

నేను ఆగలేకపోయాను. మూత తీసి పంచేశాను. మధ్యాహ్నమంతా నాంచారమ్మ గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టింది. పోయేటప్పుడు, "మీదీ ఆ పూస మనసే టీచరమ్మా. పిల్ల నోరు తెరిచేలోపే పెట్టేస్తారు" అంది. కోపంగా అన్నా అది నిజం.

జూన్ 27, శుక్రవారం

ఈ వారమంతా బెల్లం ఆట ఆడాం. నాంచారమ్మ గుప్పిట్లో బెల్లం ముక్క దాచుకుంటుంది. పిల్లల ఎదురుగా గుప్పిట ఆడిస్తుంది. "ఎవరికి కావాలే? ఎవరికి కావాల్రా?" అంటుంది. మొదటి రోజు అందరూ గుప్పిటని చూశారంతే. రెండో రోజు జయంత్ దాని మీద ఒక్కటి చరిచాడు. మూడో రోజు వేళ్లు విప్పబోయాడు. ఇవాళ నాంచారమ్మ విప్పనివ్వలేదు. వాడు మొహం ఎర్రగా చేసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, "ఈ!" అన్నాడు. ఇవ్వు అని.

నాంచారమ్మ బెల్లం ఇచ్చి, వాణ్ని ఎత్తుకుని గదంతా తిరిగింది. నేను కళ్లు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్లాను.

మహతి బెల్లం కోసం రాదు. దానికి నాంచారమ్మ నోరంటే ఇష్టం. ఆమె మాట్లాడుతుంటే దగ్గరికెళ్లి, చూపుడు వేలు ఆమె పెదాల మీద పెట్టి నిలబడుతుంది. మాట ఎక్కణ్నుంచి వస్తుందో వెతుకుతున్నట్టు. ఆ వేలు అడ్డం పెట్టుకునే నాంచారమ్మ మాట్లాడుతుంది, తీయదు. నా ఒళ్లో కూర్చుంటే మటుకు నా చీర కొంగు వాసన చూసి నిద్రపోతుంది. మిగతా పిల్లల కంటే అదంటే నాకు కాస్త ఎక్కువ ఇష్టం. రిజిస్టర్‌లో ఇట్లాంటివి రాయకూడదేమో.

ఇవాళ ఇంకో సంగతి జరిగింది. ప్లాస్టిక్ పడవ కోసం జయంత్, మహతి కొట్టుకున్నారు. మేమిద్దరం విడదీయకుండా సంబరంగా చూస్తున్నాం. వాడు లాక్కున్నాడు. మహతి మొహం ముడుచుకుంది, కింది పెదవి వణికింది, ఇదిగో ఏడుస్తుంది అనుకున్నాం. అంతలో చెవి వెనక పూస సన్నగా వణకడం మొదలెట్టింది. పిల్ల విసుగు పడినప్పుడు అది అట్లా నిమిరి జోకొడుతుంది, దాని పని అది. ఒక్క నిమిషంలో పెదవి సర్దుకుంది. ఏడుపు పోయింది. కోపం కూడా పోయింది. చేతిలో పడవ లేదన్న సంగతే మర్చిపోయి కిటికీ వైపు నడిచింది.

నాంచారమ్మ నవ్వు ఆగిపోయింది. "దాని కోపం ఎవరు తీసుకెళ్లారు టీచరమ్మా?" అంది.

జూలై 3, గురువారం

ఇవాళ ప్లాంటు నుంచి నలుగురు తల్లులు రబ్బరు బూట్లతోనే మెట్లెక్కి వచ్చారు. మేం గుడ్డు ఆలస్యం చేసిన ప్రతిసారీ, పిల్లలు కొట్టుకున్న ప్రతిసారీ వాళ్ల పట్టీలకి "అసౌకర్యం" అని ఎర్ర గుర్తు వెళ్తోందట. ఆ సంగతి నాకు తట్టనే లేదు. మా పట్టీలు డబ్బాలో పడేస్తే సరిపోతుందనుకున్నాను.

అందరిలో ఎక్కువ కోపంగా ఉంది సౌందర్యే.

"ఈ వారంలో మూడుసార్లు లైన్ వదిలేసి బయటికొచ్చానండీ. మేస్త్రీ అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. ఏంటి మీరు చేసేది? పిల్లల్ని ఏడిపిస్తున్నారా?"

"ఏడవడం నేర్పుతున్నాం సౌందర్యా. అడగడం నేర్పుతున్నాం."

"ఏడుపు నేర్పుతారా? అదేమన్నా చదువా?"

నాంచారమ్మ చేతిలో గరిటె ఉంది. "నీ పిల్ల నీతో చివరిగా ఏం అడిగిందో చెప్పు" అంది.

"అదెందుకు అడగాలి మామ్మా? దానికి ఏ లోటూ రానివ్వట్లేదు నేను!"

పగలంతా నిలబడి పీతలొలిచే పిల్ల. నిజంగానే ఏ లోటూ రానివ్వలేదు.

సాయంత్రం మీరు ఫోన్ చేశారు మేడమ్. పైనుంచి ఉత్తర్వు వచ్చిందని, పట్టీలు పెట్టుకుని తీరాలని, ఇంకొక్క ఫిర్యాదు వస్తే నన్ను తీసేస్తారని చెప్పారు. "ఆపలేకపోయాను. మీరు రాయడం మాత్రం ఆపకండి" అన్నారు. పట్టీలు పెట్టుకున్నాం. బెల్లం ఆట మానేశాం. జయంత్ నాంచారమ్మ గుప్పిట పట్టుకుని "ఈ, ఈ" అంటుంటే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్లిపోయింది.

జూలై 8, మంగళవారం

మహతి గుడ్డు తినలేదు. పట్టీలో ఆకలి లేదని ఉంది, ఒంటికి బాగుందని పచ్చ గుర్తు ఉంది. నాంచారమ్మ మాత్రం పొద్దుట్నుంచీ దాన్నే చూస్తోంది.

"ఈ పిల్ల కూర్చున్న తీరు బాలేదు. కుడికాలు కడుపులోకి ముడుచుకుంటోంది. నిన్న కూడా అంతే."

నేను ఆరోగ్య గదికి తీసుకెళ్లాను. అక్కడ మనుషులెవరూ ఉండరు, యంత్రం పూసని చదివి చెబుతుంది. పచ్చ చూపించింది. పచ్చ చూపిస్తే నీళ్లవతల గట్టు మీది ఆసుపత్రికి పడవ చీటీ రాదు. ఏమమ్మా, ఎక్కడన్నా నొప్పా అని మహతినే అడిగాను. నా మొహంలోకి చూసింది. నొప్పి అన్న మాట ఎప్పుడూ వినని పిల్ల ఏం చెబుతుంది?

సాయంత్రం సౌందర్యకి చెప్పాను. ఆమె తన మణికట్టు ఎత్తి పచ్చ రంగు చూపించి, పిల్లని చంకనేసుకుని వెళ్లిపోయింది.

జూలై 9, బుధవారం

ఇది ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం అయిదు దాటింది.

పొద్దున ఆలస్యంగా, పదింటికి మహతిని వాళ్ల నాన్న ఏడుకొండలు దింపాడు. దిబ్బకి మంచినీళ్లు తెచ్చే పడవ అతనిదే. పిల్ల నడుం వంచి నడుస్తోంది. "నిద్ర చాల్లేదనుకుంటా" అని అతను రేవుకి వెళ్లిపోయాడు. నేను ఒళ్లోకి తీసుకుని చెవి వెనక వేలు పెట్టాను. పూస వేడిగా ఉంది. ఆగకుండా వణుకుతోంది. మామూలుగా ఒక నిమిషం వణికి ఆగిపోయేది, అప్పుడు మటుకు నేను లెక్కపెట్టినా ఆగలేదు. అయిదు నిమిషాలు, పది.

అప్పుడు అర్థమైంది. మొన్నట్నుంచీ ఇది ఈ పిల్లని జోకొడుతూనే ఉంది. కడుపులో ఏదో అవుతోంది. పిల్లకి అది తెలిసేలోపే పూస మాయం చేసేస్తోంది. బాధ పైకి రావట్లేదు కాబట్టి రంగు పచ్చగానే ఉంది.

నా చెయ్యి దాని చెవి దాకా వెళ్లి ఆగింది. తల్లి అనుమతి లేకుండా పూస తీస్తే ఉద్యోగం పోతుంది. అది ఒక్కటే అయితే తీసేసేదాన్నే అనుకుంటాను. ఒకసారి ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టి నేనే అంటించాను. రెండోసారి కూడా నేనే నిర్ణయించడానికి మనసొప్పలేదు.

"నాంచారమ్మా, పరుగెత్తు. సౌందర్యని తీసుకురా. ఏం చెప్పి తెస్తావో నీ ఇష్టం."

ఆ వయసులో ఆవిడ పరుగు చూడాలి మీరు. పది నిమిషాల్లో సౌందర్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మోచేతుల దాకా పీతల వాసన. వస్తూనే అరిచింది: "మళ్లీ ఏంటండీ? పచ్చగా ఉంది కదా!"

నేను గొంతు పెంచలేదు. ఆ అమ్మాయి తడి చెయ్యి తీసుకుని చూపుడు వేలు పూస మీద పెట్టాను. "ఎంతసేపట్నుంచి వణుకుతోందో చూడు. అరగంట నుంచి ఆగలేదు."

సౌందర్య మొహంలో కోపం కొంచెం కొంచెంగా జారిపోయింది. "ఏమైంది దీనికి?"

"తెలీదు. పిల్లని అడగాలి. అడగాలంటే ఇది తీయాలి."

"మీరు తీయండి."

"నేను తీయను తల్లీ. నువ్వే తియ్యాలి. బలవంతం చేయట్లేదు. పదకొండున్నరకి ఆటు తగిలితే పడవలు బురదలో కూర్చుంటాయి, మళ్లీ సాయంత్రం దాకా గట్టుకి వెళ్లలేం. అందుకని కంగారు పడుతున్నాను."

గడియారం పదిన్నర దాటింది. సౌందర్య పట్టీ వంక చూసింది. పిల్ల వంక చూసింది. తర్వాత గోరు పెట్టి పూస ఊడదీసింది.

ముందు ఏమీ జరగలేదు. మహతి చెవి వెనక తడుముకుంది. కళ్లు పెద్దవి చేసింది. తర్వాత నోరు తెరిచింది. మేడమ్, ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్నాను, అట్లాంటి ఏడుపు వినలేదు. నాలుగేళ్ల ఏడుపంతా ఒక్కసారే వచ్చినట్టుంది. మిగతా పదిమందీ గోడకి నక్కిపోయారు.

సౌందర్య రెండడుగులు వెనక్కి వేసింది. భయంతో మణికట్టు వంక చూసుకుంది. పట్టీ ఖాళీగా ఉంది. కంగారుగా దాన్ని తట్టింది, మళ్లీ తట్టింది.

"దాన్ని చూస్తావేంటే? పిల్లని చూడు! ఎత్తుకో!" అని నాంచారమ్మ గద్దించింది.

ఎత్తుకుంది. పిల్ల ఒళ్లు విల్లులా వంచేస్తోంది. "ఎక్కడమ్మా? ఎక్కడ బంగారం?" అంటూ సౌందర్య తల తడిమింది, గొంతు తడిమింది, చెయ్యి కడుపు మీదికి వచ్చింది. మహతి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. కుడివైపు కిందికి లాక్కుని అక్కడ అదిమి పెట్టుకుంది. ఏడుస్తూనే, "అమ్మ! పో! పో!" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. తల్లిని పొమ్మంటోందేమో అనుకున్నాను. పొమ్మంటోంది నొప్పిని. దానికున్న మూడు మాటల్లో రెండు పెట్టి చెప్పగలిగినంతా చెప్పింది.

చీటీ కోసం ఆగలేదు. పూస లేని పిల్లని యంత్రం ఎలాగూ గుర్తుపట్టదు. పిల్లల్ని నాంచారమ్మకి వదిలేసి మేం రేవుకి పరుగెత్తాం. ఏడుకొండలు ట్యాంకులు దించుతున్నాడు. కూతురి ఏడుపు దూరం నుంచే విన్నాడు గానీ, ఆ గొంతు ఎవరిదో అతనికి తెలీలేదు. దగ్గరికొచ్చాక చేతిలో గొట్టం వదిలేశాడు. మిగిలిన నీళ్లన్నీ పడవలోనే ఉంచి తాడు విప్పేశాడు.

ఆ బరువుకి దారిలో రెండుసార్లు అడుగు బురదకి రాసుకుంది. ఏడుకొండలు ఇంజిన్ ఆపకుండానే ట్యాంకు మూతలు తీసి నీళ్లు సముద్రంలోకి వదిలేయమన్నాడు. నేనే తీశాను. ఇవాళ దిబ్బ మొత్తం నా వల్ల నీళ్లకి కటకటలాడి ఉంటుంది. పడవ తేలింది. దారిపొడుగునా మహతి ఏడుస్తూనే ఉంది. సౌందర్య దాన్ని గుండెకి అదుముకుని, "ఏడువమ్మా, ఏడువు, నేనున్నాను, ఏడువు" అంటూనే ఉంది.

డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి వేసి చూడగానే ఆపరేషన్ గదికి పంపేసింది. అపెండిక్స్ వాచి పగలడానికి సిద్ధంగా ఉందట. సాయంత్రం దాకా ఆగితే చేతుల్లో ఉండేది కాదట. "కనీసం రెండ్రోజుల నొప్పి ఇది. ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?" అని అడిగింది.

"పచ్చగా ఉందండీ..." అంది సౌందర్య. నేల మీద కూలబడి, నెల బిడ్డ తల్లిగా ఉన్నప్పుడు ఏడ్చినట్టే ఏడ్చింది. ఈసారి అంటించడానికి నా దగ్గర ఏమీ లేదు. పక్కన కూర్చున్నాను.

జూలై 10, గురువారం

మహతి బాగుంది. పొద్దున కళ్లు తెరిచి, కట్టు చూసుకుని, మమ్మల్ని చూసి మొహం చిట్లించింది. డాక్టరమ్మ, "కోపంగా ఉందంటే కోలుకున్నట్టే" అని నవ్వింది.

ఏడుకొండలు టీ తేవడానికి వెళ్లినప్పుడు సౌందర్య మెల్లగా అడిగింది: "మీ పిల్లలు ఏడిస్తే ఎందుకో మీకెట్లా తెలిసేదండీ?"

"తెలిసేది కాదు."

"మరి?"

"పాలిచ్చి చూసేదాన్ని. తాగకపోతే గుడ్డ చూసేదాన్ని. అదీ కాకపోతే చీమ కుట్టిందేమోనని ఒళ్లంతా వెతికేదాన్ని. చివరికి ఏమీ తోచక నేనూ కూర్చుని ఏడ్చేదాన్ని. మా పెద్దాడి ఏడుపు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. అమ్మాయి పుట్టాక మళ్లీ మొదట్నుంచి."

"నాకు మూడు నెలలు కూడా పట్టలేదు. మీరు ఒక్క నిమిషంలో తేల్చేశారు."

నిష్ఠూరంగా అనలేదు. అయినా తగలాల్సిన చోట తగిలింది. "తప్పు చేశానమ్మా" అన్నాను.

సౌందర్య పిల్ల మీదికి దుప్పటి లాగింది. తర్వాత నా భుజం మీద తల ఆనించి, "ఆ రోజు మీరు రాకపోతే నేనేమైపోయేదాన్నో కూడా తెలీదులెండి" అంది. అట్లాగే నిద్రపోయింది. ఒంటికి ఇంకా పీతల వాసన ఉంది. కదిలితే లేస్తుందని టీ చల్లారిపోయినా నేను కదల్లేదు.

జూలై 21, సోమవారం

మీరు వచ్చి తల్లులందరినీ కూర్చోబెట్టడం మంచిదైంది మేడమ్. పూసల కంపెనీ వాళ్ల జవాబు మీరే చదివి వినిపించారు. పరికరం నిర్ణీత పరిమితుల్లోనే పనిచేసిందట. ఏడుకొండలు లేచి, "నా కూతురు కూడా పరిమితుల్లోనే చచ్చిపోయేది" అని కూర్చున్నాడు.

అయినా అందరూ ఒప్పుకోలేదు. పదకొండు మందిలో ఏడుగురు తల్లులు తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పూస తీసేస్తామని, నన్ను తీసేయొద్దని సంతకాలు పెట్టారు. నలుగురు పెట్టలేదు. వాళ్లలో జయంత్ వాళ్లమ్మ ఒకతి. "నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ముసలి అత్త. ఆ ఏడుపు కూడా భరించే ఓపిక లేదు టీచర్ గారూ" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

మీరు ఈ పుస్తకం పైవాళ్లకి చూపించారట. వచ్చే నెల నుంచి తెర మీద కొత్త గడి పెడతారట, "రోజుకి ఎన్ని ఏడుపులు" అని. అది వినగానే నాంచారమ్మ గరిటె కింద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. "పచ్చ రావాలంటే ఎన్ని ఏడవాలంట?"

సెంటర్ ఇప్పుడు సంతలా ఉంది. మధ్యాహ్నానికి నాకు తలనొప్పి వస్తోంది. మహతి ఇంకా రావట్లేదు, మిగిలిన ఆరుగురూ ఒకేసారి ఏడిస్తే ఎవరిది ఎందుకో తెలీక మేమిద్దరం అటూ ఇటూ పరుగెడుతున్నాం. సగం తప్పుతున్నాం. జయంత్ చెవి వెనక పూసతోనే వచ్చి, మిగతా వాళ్ల నోళ్ల వంక ఆశ్చర్యంగా చూస్తున్నాడు.

ఆగస్టు 4, సోమవారం

మహతి ఇవాళ సెంటర్‌కి వచ్చింది. చిక్కిపోయింది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. సౌందర్య ర్యాంపు దాకా నడిపించి తీసుకొచ్చింది, ఎత్తుకోలేదు. నాంచారమ్మ ఎదురెళ్లి ముద్దులు పెట్టి, మెట్టు మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పి లోపలికి తీసుకొచ్చింది. సౌందర్య ప్లాంటు వైపు నడిచింది.

గుమ్మం దాటగానే మహతి ఏడుపు ఎత్తుకుంది.

కడుపు మీద చెయ్యి వేసి చూశాను, మెత్తగానే ఉంది. నాంచారమ్మ బెల్లం చూపించింది. విసిరికొట్టింది. నీళ్లు తోసేసింది. కొంగు ఇచ్చాను, వద్దంది. నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటోంది. డాక్టరమ్మకి ఫోన్ చేయనా అని నేను లేచాను.

సౌందర్య అప్పటికి ర్యాంపు సగం దిగింది. అక్కడే ఆగింది. వెనక్కి తిరగలేదు, తల కాస్త పక్కకి వంచి వింది, అంతే. తర్వాత గొంతెత్తి అక్కణ్నుంచే చెప్పింది:

"నొప్పి కాదండీ, ఆకలీ కాదు. అది ఉక్రోషం. చెప్పులు మామ్మ విప్పేసిందిగా, అది తనే విప్పుకోవాలి. మళ్లీ తొడిగెయ్యండి."

నాంచారమ్మ చెప్పులు తెచ్చి తొడిగింది. ఏడుపు ఠక్కున ఆగింది. మహతి ముక్కు చీదుకుంటూ గుమ్మంలో చతికిలబడి, ఎడమ చెప్పు పట్టీ లాగడం మొదలెట్టింది. అది బిగుతుగా ఉంది, వేలు జారిపోతోంది. నాంచారమ్మ చెయ్యి ముందుకు వచ్చింది. మహతి ఆ చెయ్యి తోసేసి, "నేను" అంది.

కింద ప్లాంటు కూత వేసింది. సౌందర్య కదల్లేదు. రెయిలింగ్ పట్టుకుని పైకి చూస్తూ నిలబడింది. మేమూ నిలబడ్డాం. రెండో చెప్పు విప్పడానికి చాలాసేపు పట్టింది.